రవీంద్రనాథ్ తగ్గించిన పొగ

జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో కారు విడిభాగాలు చేసే ఒక కంపెనీలో రవీంద్రనాథ్ ప్రయాణాల విభాగానికి పెద్ద. ఉద్యోగుల విమాన ప్రయాణాలు తగ్గించి వాతావరణానికి మేలు చేయమని 2019లో అతనికి అప్పగించారు. ఆ ఏడాది విమాన ప్రయాణాలు పెరిగాయి. వాటిలో నలభై రెండు అతనివే. అందులోనూ సగం వాతావరణం మీద జరిగే సభలకు.

మరుసటి మార్చిలో కరోనా వచ్చి విమానాలన్నీ నిలిచిపోయాయి. ఏడాది చివర కంపెనీ ప్రయాణాల వల్ల వెలువడే కర్బనం ఎనభై ఏడు శాతం తగ్గిందని తేలింది. రవీంద్రనాథ్ ఆ అంకె చూసి తన కృషి ఫలించిందనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. అతని కింద పనిచేసే గిరిజకు మింగుడుపడనిది అదే. అబద్ధమాడేవాడికి కనీసం నిజమేదో తెలిసి ఉంటుంది. ఇతనికి అదీ లేదు.

అతను ఆ అంకెను ఒక పరిశ్రమల సంఘానికి పంపాడు. వాళ్లు బహుమతి ప్రకటించారు. 2021 అక్టోబరులో హాంబుర్గ్‌లో సభ. చూపించాల్సిన గ్రాఫు గిరిజ తయారుచేసింది. మార్చి దగ్గర ఒక నిలువు గీత గీసి, విమానాలు ఆగిన నెల అని రాసింది. రవీంద్రనాథ్ వెంటనే ఫోన్ చేశాడు.

"ఆ గీత తీసేయమ్మా. చూసేవాళ్లకి లేనిపోని అనుమానాలొస్తాయి."

"అనుమానమేంది సార్, ఉన్నదే గదా. మనం తగ్గించింది ఏం లేదు. విమానాలు బందయినయి, అంతే."

ప్రతిదాంట్లోనూ లోపం వెతకడం మంచి అలవాటు కాదని అతను నెమ్మదిగా బోధించాడు. గిరిజ గీత తీసేసింది. అందుకు ఆ రోజంతా తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆమె రైల్లో హాంబుర్గ్ వెళ్లింది. అతను మ్యూనిక్ నుంచి విమానంలో వచ్చాడు. టీకా సర్టిఫికెట్లు చూసి లోపలికి పంపిన ఆ హాల్లో, దూరం దూరంగా వేసిన కుర్చీల ముందు నిలబడి, త్యాగం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. దగ్గర ఊళ్లకు విమానం ఎక్కడం సిగ్గుచేటన్నాడు. చివర్లో న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దావిడ, ఏ చర్య వల్ల ఎక్కువ తగ్గిందని అడిగింది. చర్యలు ఉంటే కదా చెప్పడానికి. అతను చిరునవ్వుతో మైకు గిరిజ చేతికిచ్చాడు.

"వైరస్ వల్ల," అంది గిరిజ జర్మన్‌లో, గొంతు పెంచకుండా.

అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. చమత్కారం అనుకున్నారు. అందరికంటే బిగ్గరగా రవీంద్రనాథే నవ్వాడు. బహుమతి ఇచ్చేశారు. అప్పటిదాకా గిరిజ ఏవగించుకున్నది ఒక్క మనిషిని. ఇప్పుడు అతనితో పాటు హాలంతా చేరింది.

తిరిగి రాగానే ఆమె ఉద్యోగుల ప్రతినిధుల సంఘం బెట్రీబ్స్‌రాట్‌కు ఒక పేజీ రాసి పంపింది. రైల్లో ఆరు గంటల్లో చేరగలిగిన ఊరికి కంపెనీ విమానం టికెట్ ఇవ్వకూడదని నియమం పెట్టమంది. కింద రవీంద్రనాథ్ ఉపన్యాసాన్ని అక్షరం మార్చకుండా జతచేసింది. అతను బహుమతి పట్టుకున్న ఫోటో అప్పటికే కంపెనీ వెబ్‌సైట్ మొదటి పేజీలో ఉంది. యాజమాన్యం కాదనలేకపోయింది. అతనూ కాదనలేకపోయాడు.

"నాకో మాట చెప్పి ఉండాల్సింది కదమ్మా," అన్నాడు సంతకం పెడుతూ.

"మీ మాటలే సార్ అవి. నేనొక్కటి గూడ కలపలే."

2022 వసంతం నుంచి నియమం అమలైంది. ప్రయాణాలు మళ్లీ మొదలైనా దేశంలోపలి విమాన టికెట్లు 2019లో ఉన్నదాంట్లో మూడో వంతుకు పడిపోయాయి. ఆ ఆలోచన తనదేనని రవీంద్రనాథ్ వార్షిక నివేదికలో రాసుకున్నాడు. గిరిజ చదివింది. దిద్దమని అడగడానికైనా అతను తగినవాడని ఆమెకు అనిపించలేదు. ఆరు గంటలను ఎనిమిది చేస్తే పారిస్ కూడా నియమంలోకి వస్తుంది. రైళ్ల వేళలు ముందు పెట్టుకుని ఆమె రెండో పేజీ మొదలుపెట్టింది.