నాలుగు గుర్రాలా, అయిదా

నాకు కారు రాబోతోందన్న సంగతి నా భార్య కంటే ముందు మా ఊరి కాఫీ కొట్టుకి తెలిసింది. షోరూం అమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను అటవీ డిపోలో కాటా దగ్గర ఉన్నాను. కార్క్ చెట్ల బెరడు కట్టలు తూచి రాసుకోవడం నా పని. చుట్టూ పదిమంది కూలీలు నిలబడి ఉన్నారు. "సీ మొంగీ, మీ నంబరొచ్చింది" అని, పేరుకి ముందు మర్యాదగా సీ తగిలించి, ఆమె అన్న మాట ఫోన్లోంచి అందరికీ వినబడింది. ఇంక దాచేదేముంది?

చిన్న జీతగాళ్లకి సర్కారు పన్ను తగ్గించి ఇప్పించే కారుని మా దగ్గర 'జనం బండి' అంటారు. దానికి నేను మూడేళ్ల క్రితం పేరు రాయించుకున్నాను. ఆ బండికి నాలుగు గుర్రాలకి మించి ఉండకూడదు. ఆ నాలుగూ పన్ను కోసం బండి కాగితంలో రాసే గుర్రాలు. ఇంజను లోపల నిజంగా లాగేవి అరవై అయిదట. ఈ లెక్క నాకు మూడేళ్లుగా ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు, నేను తల ఊపుతూనే ఉన్నాను. అర్థమైందని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

నాలుగైతే నాలుగు, తెచ్చుకుని తిరిగేవాణ్ణే. కానీ ఆ అమ్మాయి అంతటితో ఊరుకోలేదు.

"మీది కొండ మీద ఊరని రాశారు కదా, అందుకని అడుగుతున్నా. అదే కారు అయిదు గుర్రాలది కూడా ఉంది. టర్బో. లాగుడు బాగుంటుంది" అంది.

"మరి అదే ఇవ్వండమ్మా."

"అది ఈ పథకంలోకి రాదండీ. దానికి మారితే మీ నంబరు పోతుంది. మళ్లీ వరసలో నిలబడాలి. అది వచ్చేసరికి వసంతం దాటుతుందేమో. నాలుగుదైతే ఈ నెలాఖరుకే ఇస్తాం. ఏదో ఒకటి శనివారం పన్నెండింటిలోపు చెప్పేయండి. చెప్పకపోతే మీ నంబరు తర్వాతి వాళ్లకి వెళ్లిపోతుంది."

అది నవంబరు, మంగళవారం. నాకు మిగిలింది నాలుగు రోజులు.

నాకు కారు ఎందుకు కావలసి వచ్చిందో చెప్పాలి. మా అమ్మాయి నెస్రీన్‌కి ఉబ్బసం. వాన మొదలై అడవి నానిందంటే దాని రొమ్ములో పిల్లి కూతలు మొదలవుతాయి. మూడేళ్ల క్రితం, దానికి ఎనిమిదేళ్లప్పుడు, రంజాన్‌లో ఒక సాయంత్రం, ఉపవాసం విడిచే వేళకి పది నిమిషాల ముందు దానికి ఊపిరి అందలేదు. ఆ వేళకి మా దేశంలో ఏ రోడ్డు మీదా పురుగు కనబడదు. లువాజ్ అనే షేర్ టాక్సీల డ్రైవర్లు బండ్లు ఎక్కడివక్కడ ఆపేసి షోర్బా సూపు ముందు కూర్చుని ఉంటారు. మా బావమరిది లమ్జెద్‌ది కూడా లువాజ్ బండే. ఎనిమిది మంది నిండితే గాని కదలని ఆ బండితో ఆ వేళకి అతను ట్యూనిస్‌లో ఉన్నాడు. పిల్లని భుజాన వేసుకుని కొండ దిగి పరిగెత్తాను. అజాన్ వినబడింది. మూడు కిలోమీటర్లు పరిగెత్తాక, రోడ్డు పక్కన బండి ఆపుకుని ఖర్జూరం నోట్లో పెట్టుకుంటున్న ఒక ముసలాయన కనబడ్డాడు. గింజ కూడా ఉమ్మకుండా మమ్మల్ని అయిన్ ద్రాహం ఆస్పత్రికి చేర్చాడు. ఆయన పేరు కూడా అడగలేదు నేను. డాక్టరమ్మ నా కాళ్ల వైపు చూసింది. ఒక కాలికి చెప్పు లేదు.

ఆ వారమే జనం బండికి పేరు రాయించాను.

కాబట్టి సంగతి తేలికే. కానీ మన సంగతి ఎంత తేలికైనా పదిమంది చేతుల్లో పడితే చిక్కు పడకుండా ఉండదు. మంగళవారం రాత్రి భోజనాలకే లమ్జెద్ దిగాడు. ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

"బావా, నాలుగు గుర్రాలంటే పట్నంలో ఉద్యోగస్తులు కూరగాయలకి వెళ్లే బండి. మన కొండకి చాలదు. ఊట మలుపు దగ్గర ఆగిపోతావు. వెనకాల కట్టెల లారీ వాడు హారన్ కొడుతుంటాడు. నా పరువు పోతుంది."

"బండి నాదైతే పరువు నీదా?" అన్నాను.

"బావమరిదిని కదా. ఊరంతా నన్నే అడుగుతారు."

మర్నాడు స్కూలు మాస్టారు సీ బెషీర్‌ని అడిగాను. ఆయనకి అలాంటి నాలుగు గుర్రాల బండే ఉంది. రోజూ అదే కొండ ఎక్కుతాడు.

"ఎక్కుతుందయ్యా. మొదటి గేరులో పెట్టి, ఖురాన్‌లో చిన్న అధ్యాయం ఒకటి చదువుకుంటూ కూర్చుంటే ఎక్కేస్తుంది" అన్నాడు.

"మీరొక్కరేగా ఎక్కేది. మాది నలుగురి సంసారం."

"అయితే పెద్ద అధ్యాయం చదువుకో."

మెకానిక్ ఖ్మయిస్‌ని అడిగితే ఇంకా తిరకాసు. టర్బో లాగుతుంది కానీ పాడైతే విడిభాగాలు ఇక్కడ దొరకవన్నాడు. చిన్న ఇంజను పాడవదు కానీ లాగదన్నాడు. మరి నువ్వైతే ఏది కొంటావని అడిగాను. నేనైతే గాడిదని కొంటానన్నాడు. కాఫీ కొట్టులో రెండు జట్లు తయారయ్యాయి. కార్డులాట మానేసి నా గుర్రాల మీద పడ్డారు. నాలుగువాళ్లు కిటికీ వైపు, అయిదువాళ్లు పొయ్యి వైపు. ఇరువైపులా నాకు కాఫీలు పోయించారు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.

ఇంట్లో మా అమ్మ మబ్రూకా అప్పటికే బండికి కట్టడానికి ఎర్ర గుడ్డతో అరచెయ్యి ఆకారంలో దిష్టిబొమ్మ కుట్టేసింది. నా భార్య రాధియాకి ఒళ్లు మండింది.

"ఆలూ లేదు, చూలూ లేదు. ముందు ఏ బండో తేల్చమనండి అత్తయ్యా మీ అబ్బాయిని."

"ఏ బండైతేనేం, దిష్టి దిష్టే కదటే" అంది మా అమ్మ.

రాధియా నావైపు తిరిగింది. "శుక్రవారం వచ్చేసింది. ఏమంటావు?"

"నాలుగుదైతే కొండెక్కుతుందో లేదో. అయిదుదైతే ఈ చలికాలం గడుస్తుందో లేదో."

"అది ప్రశ్న. నేనడిగింది జవాబు."

పగలంతా బరువులు తూచే మనిషిని, నా ముందు రెండు పళ్లాలు పెడితే ముల్లు ఎటు ఒరుగుతోందో కనబడలేదు. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, నిజానికి నాకు భయమేసింది. తప్పు బండి తెచ్చానని రేపు ఊరంతా నవ్వుతారని భయం. పిల్ల సంగతి ఆ నాలుగు రోజుల్లో నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో లెక్కపెడితే ఒక చెయ్యి వేళ్లు చాలు.

శనివారం పొద్దున్నే లమ్జెద్ మాస్టారి బండి తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మాటలెందుకు బావా, పరీక్ష చేద్దాం. కానీ సంసారమంతా ఎక్కాలి. ఖాళీ బండి ఎవడైనా ఎక్కిస్తాడు."

మా దగ్గర ఇది మామూలే. బండి కొనే ముందు అలాంటిదే ఇంకొకరిది అడిగి తెచ్చి, ఇంటిల్లిపాదీ ఎక్కి, మా కొండ మీద చూస్తారు. కింద వంతెన దాకా దిగి, అక్కడినుంచి వెనక్కి ఎక్కాలి. ముందు నేను, లమ్జెద్. వెనక అమ్మ, రాధియా, నెస్రీన్. అంత బరువుతో కూడా అతనికి తృప్తి లేక డిక్కీలో రెండు సంచుల గోధుమ రవ్వ వేయించాడు. పండక్కి గొర్రెని తెచ్చుకోవద్దా, దాని బరువుకి బదులు ఇవి అన్నాడు.

"గొర్రె మధ్యలో దిగి నడుస్తుంది. రవ్వ నడవదు" అంది మా అమ్మ.

దిగడం హాయిగా దిగాం. ఎక్కడం మొదటి రెండు మలుపులూ బాగానే ఎక్కింది. నాకు ధైర్యం వచ్చింది. ఊట మలుపు దగ్గర రోడ్డు ఒక్కసారిగా నిలువుగా లేస్తుంది, పైగా ఊట నీళ్లకి ఎప్పుడూ తడి. అక్కడ బండి మూలిగి ఆగింది. మళ్లీ స్టార్ట్ చేశాను. క్లచ్ సగం నొక్కి, సగం వదిలి, ఇంజనుని అరిపించాను. చక్రం జారింది. లమ్జెద్ ముఖంలో వెలుగు చూడాలి.

"చెప్పానా? చెప్పానా లేదా?"

"నోరు మూసుకుని దిగి తొయ్యి" అన్నాను. నాకు ఉక్రోషం వచ్చింది. ఎలాగైనా ఎక్కించి తీరాలి.

అందరూ దిగారు. అమ్మ "మీ బండి కంటే నా కాళ్లే నయం" అని పైకి నడక సాగించింది. లమ్జెద్, రాధియా వెనకనుంచి తోస్తున్నారు. నేనూ తోస్తానని నెస్రీన్ వాళ్ల మధ్యలో దూరింది. నేను అద్దంలో చూశాను, వద్దనలేదు. క్లచ్ కాలిన కంపు బండిలోకి కూడా వచ్చింది. వెనకాల తెల్లటి పొగ. నేను ఇంకా తొక్కాను.

అప్పుడు రాధియా అరుపు వినబడింది. "ఆపు. ఇంక ఆపు."

దిగి చూస్తే నెస్రీన్ రోడ్డు అంచున మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి ఉంది. భుజాలు ఎగసిపడుతున్నాయి. పెదవుల చుట్టూ రంగు మారుతోంది.

"పీల్చే మందేది?"

"స్కూలు సంచీలో" అంది రాధియా. "ఇంట్లో. ఇక్కడిదాకా వచ్చి పోవడమే కదా అనుకున్నాను."

ఇల్లు రెండు కిలోమీటర్లు పైన. ఆస్పత్రి అయిదు కిలోమీటర్లు కింద. పైకి చూశాను, కిందికి చూశాను. ఏ బండి కొనాలో నాలుగు రోజులు తేల్చుకోలేని మనిషి అలాగే నిలబడ్డాడు. ఎంతసేపో నాకు తెలియదు, రాధియాని అడగడానికి ఇప్పటికీ ధైర్యం లేదు.

లమ్జెద్ అప్పటికే డిక్కీ తెరిచి రవ్వ సంచులు రెండూ గడ్డిలోకి విసిరేశాడు. "బావా, తిప్పు బండి. అక్కా, పిల్లని పట్టుకుని వెనక కూర్చో. నేను పైకెళ్లి అత్తని చూసుకుంటా. రెండో గేరులోనే పోనీ, బ్రేకు మీద అదేపనిగా కాలు పెట్టకు. పో."

తిప్పాను. ఊట మలుపులో ఒక్క పట్టులో ఎలా తిప్పానో ఇప్పుడు చెయ్యమంటే చెయ్యలేను. బండి దిగింది. ఇందాక మూలిగిన బండేనా ఇది అనిపించేంత నెమ్మదిగా, చెప్పినమాట వింటూ దిగింది. చెట్లు, వంతెన, పాల కేంద్రం, పట్నం మొదట్లో స్కూలు గోడ. వెనక రాధియా "పీల్చు తల్లీ, వదులు, పీల్చు" అంటూనే ఉంది. ఒక చోట ఆమె గొంతు ఆగింది. మళ్లీ "పీల్చు" అని వినబడింది.

పదకొండుంపావుకి పిల్ల ముఖానికి గొట్టం ఉన్న తొడుగు పెట్టారు. మందు ఆవిరి దానిలోంచి తెల్లగా వస్తుంటే నాకు క్లచ్ పొగే గుర్తొచ్చింది. ఎవరికోసం బండి కావాలనుకున్నానో, ఆ పిల్ల రొమ్ములోకే నా పరీక్ష పొగంతా పట్టించాను. మంచం పక్కన గోడకి ఆనుకుని ఏడ్చాను. రాధియా ఓదార్చలేదు. ఓదార్చనక్కర్లేదు కూడా.

కాసేపటికి పిల్లి కూతలు సన్నబడ్డాయి. నెస్రీన్ తొడుగు కాస్త పైకెత్తింది.

"బాబా, మాస్టారి బండికి ఏమైనా అయిందా?"

"ఏమీ కాలేదమ్మా. మాట్లాడకు."

"బాగానే వచ్చింది కదా" అని తొడుగు మళ్లీ పెట్టుకుంది.

అప్పుడు గోడ గడియారం చూశాను. పన్నెండుకి ఏడు నిమిషాలు తక్కువ. వరండాలోకి వచ్చి షోరూంకి ఫోన్ చేశాను. ఊట మలుపు దగ్గర తప్పు ఇంజనుదా, నా కాలిదా అన్నది నాకు అప్పటికీ తెలియదు. మాస్టారేమో నా కాలిదే అంటాడు, లమ్జెద్ ఒప్పుకోడు, కాఫీ కొట్టులో ఇంకా తేలలేదు.

"నాలుగుదే ఇవ్వండి" అన్నాను.

"సరేనండీ" అంది ఆ అమ్మాయి. "తర్వాత మమ్మల్ని అనకూడదు, సీ మొంగీ. మీ ఊరు మరీ పైన. నిండా మనుషులుంటే ఎక్కడం కష్టమే."

"ఎక్కకపోతే దిగి నడుస్తామమ్మా. మా ఆస్పత్రి కిందుంది."

అవతల ఆమె ఏదో రాసుకుంటున్న చప్పుడు. "రంగు ఏది కావాలి? తెలుపైతే ఉంది, బూడిద రంగుకి పది రోజులు ఎక్కువ పడుతుంది."

"ఏది ముందొస్తే అది."