అరవై సెకండ్ల ప్రార్థన

మా ఇంట్లో ప్రార్థన జరిగేటప్పుడు కళ్లు తెరిస్తే వీపు విమానం మోత మోగేది. మా నాయన మద్దిలేటి ఆళ్లగడ్డలో ఎలిమెంటరీ స్కూలు పంతులు. తన కళ్లు మూసుకొని ఉండగా మేం తెరిచిన సంగతి ఆయనకెలా తెలిసేదా అని నాకు చాలా ఏళ్లు అర్థం కాలేదు. మా అన్న అజయ్ కుమార్ చాడీలు చెప్పేవాడు. వాడు కళ్లు తెరవకుండా నన్నెలా చూశాడని ఎవరూ అడగలేదు.

నాయన ప్రార్థనకు ఒక వరస ఉండేది. ముందు పాస్టరుగారు, తర్వాత వానలు, శనగ చేలు, బడి పిల్లలు, జబ్బు మనుషులు, చుట్టాలు. ఆ తర్వాత అన్న, అక్క రెబెకా, అందరికన్నా ఆఖర్న నేను, లూదియాను. నా పేరు వచ్చేసరికి అన్నం చల్లారేది.

2001లో అన్న చదువు కోసమని ఇంటికి కంప్యూటర్ వచ్చింది. నాయన దాన్ని మిషను అనేవాడు. కొత్త వస్తువు ఏదొచ్చినా ప్రార్థన చేయకుండా వాడకపోవడం మా ఇంటి అలవాటు. అయితే ఆ ప్రార్థనను ఆ మిషన్లోనే రికార్డు చేద్దామన్న బుద్ధి నాది. మైకు తగిలించి, ఏం చేయాలో నాలుగు ముక్కలు చీటీ మీద రాసి సీపీయూకు అతికించాను. ఎర్ర చుక్క నొక్కు. మాట్లాడు. సేవ్ నొక్కు. పేరు పెట్టు.

ఎర్ర చుక్క నేనే నొక్కాను. అందరం మోకాళ్ల మీద కూర్చొని కళ్లు మూసుకున్నాం. నేను మాత్రం కొంచెం తెరిచాను, ఆకుపచ్చ గీత ఎలా ఎగురుతుందో చూద్దామని. అరవై సెకండ్లు అయ్యేసరికి గీత నిలబడిపోయింది. ఆ కంప్యూటర్లో ఒకసారికి అంతే పడుతుందని మాలో ఎవరికీ తెలియదు. ప్రార్థన మధ్యలో లేచి చెబితే కళ్లు తెరిచానని తెలిసిపోతుంది. నోరు మూసుకొని కూర్చున్నాను. నాయన ఇంకో ఇరవై నిమిషాలు ప్రార్థించాడు.

తర్వాత వింటే మిషను అరవై సెకండ్లే పట్టిందని తెలిసింది. అందులో పాస్టరుగారు, వానలు, సగం శనగ చేను ఉన్నాయి. అన్న పేరూ లేదు, అక్క పేరూ లేదు. వాళ్లిద్దరూ నవ్వి ఊరుకున్నారు. నాకు మాత్రం మండింది.

రెండేళ్ల తర్వాత ఆ మంట బయటపడింది. నాయన నన్ను టీచర్ ట్రైనింగ్ చేయమన్నాడు. నేను నంద్యాలలో కంప్యూటర్ డిగ్రీ చదువుతానన్నాను. నెల రోజులు ఇంట్లో మాటల్లేవు. చివరికి నా పంతమే నెగ్గింది. పొద్దున ఎనిమిది గంటల బస్సుకు నాయనే పెట్టె మోసుకొచ్చి ఎక్కించాడు.

"జాగ్రత్తమ్మా. నీ కోసం ప్రార్థన చేస్తాంటా," అన్నాడు.

"యాడ చేస్తావు నాయనా? అందరి తర్వాత గదా నేను. మిషన్లో గూడా నాకు చోటు ల్యాకపాయ," అన్నాను.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. బస్సు కదిలింది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఇంటికి వెళ్లినా ఆ మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నాలుగేళ్లకు పక్షవాతం వచ్చి ఆయనకు మాట పడిపోయింది. మనుషుల గొంతులు సెల్‌ఫోన్లలో దాచుకునే రోజులు వచ్చేసరికి మా నాయనకు గొంతే లేదు. నిరుడు పోయాడు.

మొన్న అన్న ఫోన్ చేశాడు. "ఆదివారం నాయన జ్ఞాపకార్థ కూడిక గదా. ఆ పాత మిషన్లో నాయన గొంతుండాది. తీయించు పాపా. అందరికీ వినిపిద్దాం," అన్నాడు.

నాకు ఇష్టం లేదు. నా పేరు లేని ఆ ప్రార్థనను ఊరందరి ముందు వినాలంటే నలభయ్యేళ్ల వయసులోనూ ఆ పాత మంటే రేగింది. అయినా ఆళ్లగడ్డ వెళ్లాను. మా అమ్మ జీవమ్మ మిషనుకు కుట్టిన గుడ్డ ముసుగు తీసి చూస్తే నా చీటీ ఇంకా సీపీయూకు అతుక్కొనే ఉంది. ఆ సీపీయూను ఒళ్లో పెట్టుకొని బస్సులో నంద్యాల తెచ్చాను.

స్టేషన్ దారిలో రిపేరు షాపు నడిపే శ్రీరంగనాథ్‌ది అహోబిలం. వాళ్ల నాన్న అక్కడి గుళ్లో అర్చకులు. అతను దుమ్ము దులిపి, హార్డ్ డిస్కు ఊడదీసి, తన కంప్యూటర్‌కు తగిలించాడు. మొదట గరగరమని, తర్వాత సద్దుమణిగింది.

"అక్కా, గొంతు ఫైళ్లు రెండుండాయి. NAYANA అని ఒకటి, LUDIYA అని ఒకటి."

రెండోది నేను పెట్టిన పేరు కాదు. బడి రిజిస్టర్లో నాయన నా పేరు అట్లాగే రాసేవాడు. తేదీ చూశాను. నేను బస్సెక్కిన రోజే. టైము తొమ్మిదీ పది. నన్ను ఎక్కించి, ఇంటికి నడిచి వెళ్లి, నా చీటీ చూసుకుంటూ ఎర్ర చుక్క నొక్కి ఉంటాడు.

"ఇది పెట్టు," అన్నాను.

ముందు ఫ్యాను చప్పుడు. తర్వాత నాయన గొంతు.

"ప్రభువా, ముందు లూదియా. తక్కినోళ్ల సంగతి రాత్రికి చెప్తా."

అంతే. ఆ తర్వాత మాటల్లేవు. అరగంట ప్రార్థించినా తడుముకోని మనిషికి నా వంతు వచ్చేసరికి మాట దొరకలేదు. ఊపిరి వినపడుతోంది. ఎక్కడో కోడి అరిచింది. ఒకసారి గొంతు సవరించుకున్నాడు. నేను లోలోపల ఆయనకు మాట అందిస్తున్నాను, చెప్పు నాయనా, ఏదో ఒకటి చెప్పు అని.

"పిల్ల కోపంలో నిజమే చెప్పింది ప్రభువా," అన్నాడు. మళ్లీ ఊపిరి. మళ్లీ ఫ్యాను.

చివర్లో కంగారుగా అన్నాడు. "యాభై ఏడాయ. ఆమెన్."

శ్రీరంగనాథ్ నా ముఖం చూసి, నీళ్ల సీసా నా వైపు జరిపాడు. "ఏమాయక్కా? యాభై ఏడేంది?"

"సెకండ్లప్పా," అన్నాను. "ఆడ తెర మీద సెకండ్లు కనపడ్తాయి."

రెప్ప తెరిస్తే మా వీపులు వాయించిన మా నాయన, ఆ ఒక్క ప్రార్థన మాత్రం కళ్లు తెరుచుకొని చేశాడు.