వెంగమాంబను అడగనివ్వలేదు

నేను కీబోర్డు మీది ఒక స్టారు గుర్తును. ఎండిన నేరేడు గింజంత కూడా ఉండను. నన్ను తిట్టినవాళ్ళే ఎక్కువ, నా పని తెలుసుకున్నవాళ్ళు తక్కువ. అందుకే చెబుతున్నాను.

నా పుట్టుక ఉప్పుటేరు పక్కన, రొయ్యపిల్లల హేచరీలో. అక్కడ ఏడు షెడ్లు. షెడ్డుకో సర్వరు పెట్టె. తొట్లలోకి గాలి కొట్టే బ్లోయర్లను నడిపేది ఆ పెట్టే. పెట్టె వేడెక్కి ఆగితే గాలి ఆగుతుంది. గాలి ఆగితే, కంటికి ఆనని ఆ పిల్లలు అడుక్కి దిగి చచ్చిపోతాయి.

కంప్యూటరు చూసే ఎస్తేరు ఒక్కో పెట్టెనూ విడివిడిగా వేడి ఎంతని అడిగేది. ఆఖరు పెట్టె దగ్గరికి వెళ్ళేసరికి మొదటిదాని జవాబు పాతబడేది. విసిగిపోయి ఒకనాడు ‘షెడ్డు’ అని కొట్టి, పక్కన అంకెకు బదులు నన్ను పెట్టింది. అంతే. షెడ్డు అని మొదలయ్యే పేరున్న ప్రతి పెట్టెనూ ఒక్క కేకతో అడిగాను. ఏడు జవాబులూ ఒక్కసారే గోడ టీవీ మీదికి వచ్చాయి, పచ్చగా. వేరే పేరుతో ఉన్నవాళ్ళకు నా కేక చేరదు. అది నా లోపం కాదు, నా కొలత.

యజమాని వరహాలరాజు ఆ గోడను వచ్చినవాళ్ళందరికీ తానే కట్టినట్టు చూపించేవాడు. చూపించినంతసేపూ మీసం కదిలేది.

తరువాత ఎనిమిదో షెడ్డు వేశారు.

“ఎనిమిది మనకి అచ్చిరాదు. శని అంకె. పెట్టెకి మా నాయనమ్మ పేరెట్టు, వెంగమాంబ అని,” అన్నాడు వరహాలరాజు ఎస్తేరుతో.

“అలాగేనండి. ముందర షెడ్డు అని తగిలిస్తే గోడ మీదకొచ్చేత్తదండి.”

“మా నాయనమ్మ షెడ్డేటే? గొడ్లసావిడి అనుకున్నావా?”

“పోనీ స్టారు పక్కన ఆవిడ పేరు విడిగా రాసేత్తానండి. ఎంతసేపండి?”

“ముహూర్తం ముందు గోడ ముట్టుకోకు. పెద్దోళ్ళొత్తన్నారు. పచ్చగా ఎంత బాగుందో సూడు. తర్వాత సూద్దాం.”

కీబోర్డులో నేనుండేది ఆ ఎనిమిది మీట మీదే. నా వల్ల ఇన్నాళ్ళూ ఎవరికీ శని పట్టలేదు.

పూజ ఘనంగా చేశారు. వెంగమాంబకు పసుపు రాశారు, బొట్లు పెట్టారు, పట్టుగుడ్డ కప్పి పైన బంతిపూల దండ వేశారు. వేడి బయటికి పోయే కన్నాల మీదే పడింది గుడ్డంతా. ఎస్తేరు తీయబోతే వరహాలరాజు కసిరాడు. మూడు నిద్రలు చేసేదాకా అమ్మవారి గుడ్డ కదిలించకూడదట. పెట్టెకు ఊపిరాడదని అన్న మనిషిని నాస్తికురాలన్నారు.

మర్నాడు మధ్యాహ్నం వెంగమాంబ ఆగిపోయింది. గోడ మీద ఏడు జవాబులూ పచ్చగానే ఉన్నాయి. ఎనిమిదో షెడ్డులో మేత వేయబోయిన మనిషి తొట్టి అడుగున తవుడు పేరుకున్నట్టు చచ్చిన పిల్లలను చూసి కేక పెట్టాడు.

పిల్లలకు చెప్పి పెట్టుకున్న చెరువుల రైతులు వచ్చేశారు. వరహాలరాజు ఎస్తేరును వాళ్ళ ముందు నిలబెట్టాడు.

“ఇదిగో, ఈవిడగారెట్టిన స్టారు పన్చెయ్యలేదు. అదీ సంగతి.”

“పన్చేసిందండి. షెడ్డన్నోళ్ళందర్నీ అడిగింది. వెంగమాంబగార్ని అడగనివ్వంది మీరు.”

ఆయన దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. “తప్పు నాదేనని ఒక్క మాట అను. ఉద్యోగం ఉంటది.”

“అననండి.”

గుడ్డ కప్పిన చేతిని ఎవరూ అడగలేదు. రైతులు కూడా నావైపే గుర్రుగా చూశారు. మనుషులకు తప్పు ఎప్పుడూ నోరులేనిదాని మీదే ఆనుతుంది.

“అయితే ఆ దరిద్రాన్ని తీసి పారేత్తాను,” అని వరహాలరాజే కుర్చీలో కూర్చుని నన్ను చెరిపేశాడు. పాత కాపీలు దాచే డిస్కులో పడ్డాను. అక్కడి నుంచే మీతో చెబుతున్నాను. నేను లేకపోయేసరికి అక్కడ ‘షెడ్డు’ అన్న మాట ఒక్కటే మిగిలింది. ఆ ఒట్టి పేరుతో పెట్టె ఏదీ లేదు. గోడ మొత్తం ఖాళీ అయింది.

“సూశారా, ఎక్కడా ఎర్రగా లేదు,” అన్నాడు రైతులతో.

“పచ్చగా కూడా ఏం లేదు కదండీ,” అన్నాడొక ముసలి రైతు.

“ఎస్తేరూ! ఇదేటే ఇలాగైంది?”

ఎస్తేరు అప్పటికే గేటు దాటి, చున్నీ నెత్తిన కప్పుకుని రోడ్డెక్కింది. వెనక్కి చూడలేదు. ఎండ ఇంకా మండుతోంది. ఏడు పెట్టెలూ నడుస్తున్నాయి. వేడి ఎంతని అడిగేవాళ్ళు లేరు.