భూలక్ష్మి మూడో బిడ్డ

అమీర్‌పేటలో సందుకో కంప్యూటర్ కోర్సుల బోర్డు, దాని పక్కనే ఓ హాస్టలు లేస్తున్న రోజులవి. హాస్టళ్ల మోటార్లు నల్లా నీళ్లన్నీ లాగేస్తుంటే, వెనక బస్తీ ఆడవాళ్లను కూడగట్టి ఖాళీ బిందెలతో నీళ్ల ఆఫీసు ముందు కూర్చున్నది భూలక్ష్మి. పదిహేనేళ్లుగా పార్టీ పని చేస్తోంది. ఏ ముసలమ్మకు పింఛను ఆగిందో, ఎవరి రేషన్ కార్డులో పేరు తప్పు పడిందో ఆమెకు నోటికి వచ్చు.

ఆ ఏడాది కార్పొరేషన్ ఎన్నికల్లో వాళ్ల డివిజన్ మహిళలకు రిజర్వు కావడంతో ఆ పార్టీ కార్పొరేటర్ రాజనర్సయ్య మళ్లీ నిలబడే వీల్లేకపోయింది. టికెట్ భూలక్ష్మికేనని బస్తీ అంతా అనుకుంది. ఆమె కూడా అనుకుంది.

రాజనర్సయ్య ఆమెను పంజాగుట్టలోని తన ఇంటికి పిలిపించాడు.

"టికెట్ మా కోడలు అరుణాదేవికి ఇస్తున్నరు. పైనుంచే చెప్పిండ్రు" అన్నాడు.

అరుణాదేవి ఏనాడూ బస్తీలో అడుగు పెట్టలేదు. రాజనర్సయ్య ఒక కాగితం ఆమె ముందుకు జరిపాడు.

"ఇంకో ముచ్చట. అరుణకు ముగ్గురు పిల్లలు. ఇద్దరికి మించితే పోటీకి పనికిరారు, నీకు తెల్సు గదా. చిన్నది మేఘన నీ బిడ్డేనని కాయితాలు చేయించిన. జర సంతకం పెట్టు."

"నాకు సుత ఇద్దరున్నరన్నా. మేఘనతోని ముగ్గురైతరు. ఇగ నేను ఎన్నడూ నిలబడరాదు."

"గది గప్పుడు చూద్దాం తియ్."

కాగితం చేతిలోకి తీసుకుంది. అడుగున భర్త కనకయ్య సంతకం అప్పటికే ఉంది. పొద్దున సనత్‌నగర్ ఫ్యాక్టరీకి పోతూ అతను ఒక్క మాట కూడా చెప్పలేదు.

"ఆయన కొలువు పర్మినెంట్ చేయిస్తున్న" అన్నాడు రాజనర్సయ్య.

భూలక్ష్మి సంతకం పెట్టింది.

నామినేషన్ల పరిశీలన నాడు అరుణాదేవికి ముగ్గురు పిల్లలని ఎదుటి పార్టీవాళ్లు అభ్యంతరం చెప్పారు. అధికారి ముందు ఐదేళ్ల మేఘనను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది భూలక్ష్మి.

"ఈ పాప ఎవరమ్మా?"

"నా బిడ్డ సార్."

"పాపా, మీ అమ్మ ఎవరు?"

ఇంట్లో నేర్పినట్టే మేఘన భూలక్ష్మి వైపు వేలు చూపింది. అభ్యంతరం కొట్టేశారు.

ప్రచారంలో భూలక్ష్మి ముందు నడిచి గల్లీల పేర్లు చెప్పింది. అరుణాదేవి వెనక నవ్వుతూ దండాలు పెట్టింది. బస్తీ ఓట్లు భూలక్ష్మి ముఖం చూసే పడ్డాయి. అరుణాదేవి గెలిచింది.

ఊరేగింపు పంజాగుట్ట చౌరస్తాకు చేరేసరికి పూలదండలతో జీపు మీద నిలబడిన తల్లిని చూసి మేఘన "మమ్మీ!" అని పరుగెత్తబోయింది. రాజనర్సయ్య మనిషి ఒకడు రెక్క పట్టుకుని ఆపి, పిల్లను తెచ్చి భూలక్ష్మికి అప్పగించాడు.

"రోడ్డు మీద అట్ల పిలవద్దని చెప్పు" అన్నాడు.

మేఘన ఏడవలేదు. భూలక్ష్మి చెవి దగ్గర నోరు పెట్టి మెల్లగా అడిగింది.

"ఆంటీ, ఇంటికి పోయినంక మమ్మీని మమ్మీ అనొచ్చా?"

పటాకుల మోతలో పిల్ల రెండోసారి కూడా అడిగింది.