తోక తెగిన పేరు

ఆ ఆసుపత్రిలో కంప్యూటర్లకు కాపలా కాయడం అక్క ఉద్యోగం. కాపలా అంటే కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడటం కాదు. మెట్ల కింద కిటికీ లేని గదిలో కూర్చుని, ఏ ప్రోగ్రాం ఎక్కడ చెయ్యి పెట్టిందో చెప్పే హెచ్చరికలు తెర మీద చదవడం. ఆ కంప్యూటర్లని నడిపే లైనక్స్ వాటిని వానలా కురిపిస్తుంది, పిల్లి కదిలినా దొంగే అంటుంది. మన ప్రోగ్రామైతే 'మనదే' అని నొక్కి పంపెయ్యాలి, పరాయిదైతే పట్టుకోవాలి. చెప్పుకోవడానికి ఇంతే, సాయంత్రమయ్యేసరికి కళ్లు పీకేస్తాయి.

పై అంతస్తులో ప్రోగ్రాములు రాసేవాడు ఆమె సొంత తమ్ముడు. రోగుల వివరాలకు నకళ్లు తీసి దాచే ప్రోగ్రాం వాడిదే. దానికి 'బ్యాకప్-రికార్డ్స్-నైట్లీ' అని పేరు పెట్టాడు. చిన్నప్పట్నించీ వాడికి అన్నీ పొడుగ్గానే ఉండాలి. ఆఫీసులో చుట్టరికాలు పనికిరావని అక్కని 'మేడం గారూ' అని పిలిచేవాడు, పిలిచి ఎవరూ చూడకుండా కన్ను గీటేవాడు. ఆమె నవ్వు ఆపుకోలేక తల దించేసుకునేది.

ఆ హెచ్చరికల్లో ఒక తిరకాసుంది. పేరు రాసే గడిలో లైనక్స్ ఇంగ్లీషు అక్షరాలు పదిహేనే ఉంచి మిగతాది కత్తిరించేస్తుంది. అందుకని తమ్ముడి ప్రోగ్రాం ఆమెకి ఎప్పుడూ 'బ్యాకప్-రికార్డ్స్-' అనే కనిపించేది, తోక తెగిన బల్లిలా. పూర్తి పేరు అదే వరసలో కుడి చివర, తెర అంచు దాటాక ఉంటుంది. వేలితో కాస్త జరిపితే కనపడుతుంది. తమ్ముడిదే కదా, జరపడం దేనికని అక్క జరిపేది కాదు. నొక్కేసేది, 'మనదే' అని.

ఒకసారి రోగుల వివరాలు బయటికి పొక్కాయి. ఎవరికే రోగమో వీధిలో వాళ్ల ఫోన్లలోకి వచ్చేసింది. పెద్దసారు అందర్నీ కూర్చోబెట్టి, ఫైళ్లు బయటికి పోయిన పూట వచ్చిన హెచ్చరికని గోడ మీద వేసి చూపించారు.

"ఈ ప్రోగ్రాం ఎవరిదమ్మా?"

"మా తమ్ముడిదేనండి" అంది అక్క.

వాడు ఉలిక్కిపడి లేచాడు. "అక్కా, మిగతా పేరు చూశావా?"

ఆఫీసులో వాడు అక్కా అనడం అదే మొదటిసారి. అందరి కళ్లూ ఆమె మీదికి తిరిగాయి. తమ్ముణ్ణి వెనకేసుకొస్తోందని అనుకుంటారేమోనని ఆమె ప్రాణం చచ్చిపోయింది. నిటారుగా కూర్చుని, పరాయివాడితో మాట్లాడినట్టు అంది. "చూడ్డానికేముందండీ, మీదే కదా."

"సొంత అక్కే చెబుతుంటే ఇంకేం కావాలి?" అన్నారు పెద్దసారు.

వాణ్ణి ఆ పూటే పంపించేశారు. మిగతా ఆసుపత్రులకి కూడా వాడి సంగతి రాసి పంపారు. ఇక ఎక్కడా గుమ్మం ఎక్కనివ్వరు. వాడు రాసిన ప్రోగ్రాములన్నీ ఒక్కటి మిగలకుండా తుడిచేశారు. నీతిగా ఉన్నానని అక్క తనకి తాను చెప్పుకుంది. ఆ నీతి తిండి సయించనివ్వలేదు.

అలా కొన్నాళ్లు గడిచాక ఒక పొద్దున తెర మీద మళ్లీ వచ్చింది: 'బ్యాకప్-రికార్డ్స్-'.

ఆమె చెయ్యి అలవాటు కొద్దీ 'మనదే' వైపు వెళ్లి ఆగిపోయింది. వాడిది తుడిచేశారు కదా! వేలితో కుడివైపుకి జరిపింది. 'బ్యాకప్-రికార్డ్స్-సెండ్'. ఎవడో దొంగ, తమ్ముడి ప్రోగ్రాం తలకాయ తగిలించుకుని, ఎవరూ తొంగిచూడని ఫోల్డర్లో నక్కి కూర్చున్నాడు. తోక ఎవరూ చూడరని వాడికి తెలుసు. దాన్ని అక్కడికక్కడే ఆపేసి, మెట్లెక్కి పరిగెత్తింది.

"శభాష్, పట్టుకున్నారు" అన్నారు పెద్దసారు.

"మరి మా తమ్ముడి సంగతండీ?"

"ఇది ఇవాళ్టిది. అప్పుడొచ్చిందీ ఇదేనని రుజువేది? పాత హెచ్చరికలు జాగా చాలక తీసేశాంగా. ఆ రోజు గోడ మీద వేసి చూపించిన దాంట్లో ఆ చివరి ముక్కే లేదు." ఆయన గొంతు తగ్గించారు. "నిప్పు లేందే పొగ రాదమ్మా. అందరికీ రాసి పంపి, ఇప్పుడు కాదంటే ఆసుపత్రి పరువేం కావాలి? వెళ్లి పని చూసుకోండి."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆమెకి ఆ మెట్లు దిగుతుంటే తెలిసింది. గదికి వెళ్లలేదు, తిన్నగా తమ్ముడింటికి వెళ్లింది.

మరదలు తలుపు తీసి, "రండి వదినా" అంది, గొంతులో ఏ భావం లేకుండా. తమ్ముడు నేల మీద ఎవరిదో చెడిపోయిన ఫోను విప్పుకుని కూర్చున్నాడు. అక్క చెప్పులైనా విడవకుండా వాడి ముందు కూలబడింది. తోక సంగతి, పెద్దసారు అన్నమాట, అన్నీ ఏడుస్తూనే చెప్పింది.

"నీ పొట్ట నేనే కొట్టానురా. కాస్త పక్కకి జరిపి చూసుంటే సరిపోయేది."

వాడు ఫోనులోంచి ఒక మరమేకు తీసి జాగ్రత్తగా మూతలో వేశాడు. "ఆ రోజే తెలుసు నాకు, అది నాది కాదని."

"మరి గట్టిగా చెప్పొద్దుట్రా!"

"అడిగానుగా మిమ్మల్ని" అన్నాడు.

మరదలు మంచినీళ్లు తెచ్చింది. వాడు గ్లాసు అందుకుని అక్క ముందు పెట్టాడు.

"తాగండి, మేడం గారూ."

కన్ను గీటుతాడేమోనని ఆమె వాడి మొహంలోకే చూస్తూ కూర్చుంది. వాడు తల దించుకుని ఫోను బిగించుకుంటున్నాడు.