రెండు చేతుల సంచీ

ఇస్త్రీ కొట్టు పైనున్న ఆ ఫోటో స్టూడియో మెట్లు ఎంత ఇరుకంటే, లావుపాటివాళ్ళు ఎక్కి పైకొచ్చేసరికి సగానికి సగం తగ్గిపోయేవాళ్ళు. తీరా ఫోటో చేతికొచ్చాక "ఇది నేను కాదు" అని పోట్లాడి వెళ్ళినవాళ్ళు తక్కువలో తక్కువ వెయ్యిమంది ఉంటారు.

స్టూడియోని ఇద్దరు అక్కాచెల్లెళ్ళు నడిపేవాళ్ళు. పెద్దామెని వీధంతా ఫోటోలక్క అనేది. చెల్లెలికి నలభై నిండినా, అక్క కంటే జానెడు పొడుగున్నా, పేరు మాత్రం చిన్నదే. రోజూ పొద్దున ఎనిమిదింటికి ఫోటోలక్క లెన్సు తుడిచేది. ఆ తుడిచే తుడుపుకి అద్దం అరిగి కాగితమైపోతుందని చిన్నది వేళాకోళం చేసేది. తర్వాత చిన్నది కెమెరా సంచీ భుజానికి తగిలించుకునేది. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు మెట్లు దిగేవాళ్ళు. పదకొండేళ్ళుగా అదే వరస.

బుధవారం వస్తే స్టూడియోకి తాళం. ఇద్దరూ బస్సెక్కి పడవల యార్డుకి వెళ్ళేవాళ్ళు. అక్కడ పాత పడవల్ని బోర్లించి ఆడవాళ్ళు తారు పూసేవాళ్ళు. మోచేతుల దాకా నలుపు, ఆ నలుపులోంచి నవ్వితే యార్డంతా దీపాలు పెట్టినట్టుండేది. ఫోటోలక్క వాళ్ళని పాత పద్ధతిలో రీళ్ళ మీదే తీసేది. రీలుకి నకలు ఉండదు, పోయిందంటే పోయినట్టే.

ఆ ఏడాది రెండు కబుర్లు ఒకే వారంలో వచ్చాయి. ఒకటి, యార్డు మూసేస్తున్నారు. రెండోది ఉత్తరంలో వచ్చింది: యార్డు ఆడవాళ్ళ ఫోటోలు మంచివి నలభై ఇస్తే ఊరి చిత్రశాలలో పెద్ద హాలంతా ఫోటోలక్కదే. ఆ ఉత్తరాన్ని ఆమె ఎన్నిసార్లు చదివిందంటే అక్షరాలు వేళ్ళకి అంటుకుని వచ్చేశాయి.

సరిగ్గా అప్పుడే సంచీలోంచి రీళ్ళు మాయమవడం మొదలైంది. ఒక బుధవారం రెండు, ఇంకో బుధవారం మూడు. పాత సంచీకి జిప్పు ఎప్పుడో చచ్చిపోయింది, తాడుతో కట్టుకుని తిరుగుతున్నారు.

"బస్సులో దొంగలే అక్కా! ఆ అయిదో నంబరు బస్సులో టిక్కెట్టు కొన్నవాళ్ళ కంటే జేబులు కొట్టేవాళ్ళే ఎక్కువ," అని చిన్నది లబలబలాడింది. "ముందు ఈ గోతాం పారేసి గట్టి సంచీ కొను."

అలా ఇద్దరూ సంచుల తాత కొట్టుకి వెళ్ళారు.

సంచుల తాత కుట్టిన సంచులకి చేతులు గుర్తుంటాయి. ఏ చేతిని గుర్తుపెట్టుకుంటే ఆ చేతికే తెరుచుకుంటాయి. అది ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. డాక్టరుగారికి జ్వరం వచ్చి మూడు రోజులు లేవకపోతే, ఆయన మందుల సంచీ ఎవరికీ తెరుచుకోక ఊరంతా కలిసి మూలిగింది. అయినా తాత మీద ఎవరూ విసుక్కోలేదు. సంచీ అన్నాక అలాగే ఉండాలి మరి.

ఫోటోలక్క ముందు మెరిసే నల్ల సంచీ చూసింది. దాని మీద కెమెరా కంపెనీ పేరు బస్టాపు బోర్డంత అక్షరాలతో ఉంది.

"దాన్ని వేసుకుని తిరగడం కంటే 'రండి బాబూ, లోపల కెమెరా ఉంది' అని అరుచుకుంటూ పోవడం నయం," అన్నాడు తాత.

ఇంకొకదానికి అరలు నలభై దాకా ఉన్నాయి. చిన్నది వాటిల్లో వెతుకుతూ పోతే సాయంత్రానికి గానీ తేలేలా లేదు. ఇనప్పెట్టెలాంటిది ఒకటి ఎత్తబోయి ఫోటోలక్క నడుం పట్టుకుంది.

"ఏ భుజం నొప్పి?" అడిగాడు తాత.

"ఎడంది. నాకు కాదు, మా చెల్లికి. మోసేది అదే కదా."

"వానలో తిరుగుతారా? లెన్సు నిలబడే మారుస్తావా, సంచీ కింద పెట్టి మారుస్తావా?"

ఇవన్నీ అడిగి, వెనకనించి బూడిదరంగు సంచీ ఒకటి తీశాడు. చూస్తే కూరలు తెచ్చుకునే సంచీ అనుకోవాల్సిందే. లోపల మాత్రం మెత్తటి అడ్డాలు, కెమెరాకి ఒక గూడు, లెన్సులకి రెండు, రీళ్ళకి ఒకటి. అడుగున మడతపెట్టిన వాన తొడుగు. వెడల్పాటి పట్టీ.

"జిప్పు ముందు లేదే?" అంది ఫోటోలక్క.

"వెనక ఉంటేనే మంచిదక్కా," చిన్నది గబుక్కున అంది. "వీపుకి ఆనుకుని ఉంటుంది. దొంగ చెయ్యి వెళ్ళదు."

తాత తల ఊపి, చిన్నదాని ఎత్తుకి పట్టీ సరిచేశాడు. తర్వాత అడిగాడు: "ఎన్ని చేతులు?"

"ఒకటి చాలు," చిన్నది అంది. "అక్కదొక్కటే పెట్టండి."

"అదేమిటే! నువ్వు మోస్తూ తిరుగుతుంటే, ప్రతిదానికీ నేనొచ్చి తెరవాలా?"

"నాదెందుకులే అక్కా. వద్దు."

"చాలామంది ఒక చేతితోనే సరిపెట్టుకుంటారమ్మా," అన్నాడు తాత, దారం వైపు చూస్తూ.

ఫోటోలక్కకి ఒళ్ళు మండింది. "ఏం తాతా, మా చెల్లి చెయ్యి నా చెయ్యి కాదా?" అని చిన్నదాని కుడిచెయ్యి పట్టుకుని, తన చేతితో పాటు లాక్కెళ్ళి సంచీలో పెట్టింది. ఒక టీ తాగేంతసేపు ఇద్దరి చేతులూ అందులోనే ఉంచాలి. చిన్నది ఆ కాసేపూ తలెత్తలేదు. సిగ్గుపడుతోందనుకుని ఫోటోలక్క మురిసిపోయింది. సంచీ వెచ్చబడి, పిల్లిలాగా ఒకసారి గుర్రుమంది. కొలత అయిపోయింది.

ఇక ఆ సంచీ గట్టితనం చెప్పాలంటే నాలుగు నోళ్ళు కావాలి. అయిదో నంబరు బస్సులో పేరుమోసిన జేబుదొంగ ఒకడు దాని జిప్పు పట్టుకుని మూడు స్టాపులు లాగాడు. గోళ్ళు ఊడాయి గానీ జిప్పు కదల్లేదు. చివరికి వాడే సిగ్గుపడి, లేచి ఫోటోలక్కకి సీటిచ్చాడు. యార్డు గేటు దగ్గర కాపలావాడు తనిఖీ అని పట్టకారు తెచ్చాడు. పట్టకారు వంగింది. చిన్నది చెయ్యి పెడితే మాత్రం సంచీ ఆవలించినట్టు తెరుచుకునేది.

అయిదు వారాలు గడిచాయి. యార్డులో ఆఖరి బుధవారం వచ్చింది. ఆఖరి పడవకి తారు పూసి, ఆడవాళ్ళంతా దాని మీదెక్కి కూర్చుని నవ్వారు. అందరికంటే ముసలామె తారు చెయ్యి ఎత్తి కెమెరాకి టాటా చెప్పింది. ఫోటోలక్క మోకాళ్ళ మీద కూర్చుని తీసింది. అలాంటి ఫోటో జన్మకొక్కటే దొరుకుతుందని ఆమెకి తెలుసు.

ఇంటికొచ్చి చూస్తే ఆ రీలు లేదు.

ఫోటోలక్క సంచీని బోర్లించింది, దులిపింది, అడ్డాలన్నీ ఊడదీసింది. ఆమెకి అప్పుడే తెలిసిపోయింది. తెలిసింది గనకే తెలియనట్టు చెప్పులేసుకుని తాత కొట్టుకి పరిగెత్తింది.

"తాతా, నువ్వు దొంగ సంచీ అమ్మావు!"

తాత అద్దాలు పెట్టుకుని కుట్టు కుట్టూ చూశాడు. "దారం తెగలేదు. జిప్పు జారలేదు. సంచీకేం లేదమ్మా."

"అయితే ఇంకో సంచీ చూపించు. ఇంతకంటే గట్టిది."

"గట్టిది కుట్టగలను," అన్నాడు తాత. "ఎన్ని చేతులు?"

ఫోటోలక్క సంచీ ఎత్తుకుని వెనక్కి వచ్చేసింది.

మూడో నాడు కింద ఇస్త్రీ కొట్టతను మెట్ల దాకా వచ్చి కేకేశాడు. "ఫోటోలక్కా! చిన్నది మనకి చెప్పనేలేదు చూడు, ఎంత పెద్దదైపోయిందో!" అతని చేతిలో వారపత్రిక ఉంది. అట్ట మీద ఆఖరి పడవ, దాని మీద నవ్వుతున్న ఆడవాళ్ళు, టాటా చెబుతున్న తారు చెయ్యి. కింద ఫోటో తీసినవారని చిన్నదాని పేరు. లోపల ఇంకా పన్నెండు ఫోటోలు, ఆ పేరుతోనే.

"నీకు తెలుసుగా?" అన్నాడతను.

"తెలియకేం," అంది ఫోటోలక్క. ఆ ఒక్క మాట బయటికి రావడానికి పడవని లాగినంత బలం పట్టింది.

చిన్నది అన్నానికి వచ్చింది, తింది, మజ్జిగ పలచగా ఉందని వంక పెట్టింది. ఫోటోలక్క ఇంకాస్త పెరుగు వేసింది. మధ్యాహ్నం సంచీ తీసుకుని తాత దగ్గరికి వెళ్ళి, "ఒక చెయ్యి తీసెయ్యాలి," అంది.

ఎవరిదని తాత అడగలేదు. "నీ చెయ్యి లోపల పెట్టి కూర్చో. ఆ రెండో చెయ్యి గురించి ఏమీ తలుచుకోకు. కాసేపటికి సంచీ మర్చిపోతుంది."

ఫోటోలక్క చెయ్యి పెట్టింది. లోపల బట్టలో రెండు అరచేతుల గుంటలు పక్కపక్కనే తగిలాయి. ఒకటి తనది. రెండోదానికి చిటికెనవేలు కాస్త వంకర. చిన్నప్పుడు తనే తలుపు వేస్తూ ఆ వేలు నలగ్గొట్టింది. అమ్మ ఎవరే వేసిందని అడిగితే, "గాలికి పడిందమ్మా" అని ఏడుస్తూ అబద్ధమాడింది చిన్నది.

తలుచుకోకూడదు కదా. మళ్ళీ మొదలు. తాత పోసిన టీ చల్లారింది. ఇంకోటి పోశాడు, అదీ చల్లారింది. ఫోటోలక్క అక్కడ ఎంతసేపు కూర్చుందంటే, కొట్టు ముందు నీడ రోడ్డు దాటి ఎదురింటి గోడెక్కింది. ఏడోసారి టీ పోస్తుంటే సంచీలో రెండో గుంట మెల్లగా పూడిపోయి చదునైపోయింది. అప్పుడు గానీ ఆమెకి ఏడుపు రాలేదు.

మర్నాడు చిన్నది సంచీ భుజానికి తగిలించుకుంది. "కెమెరాకి సర్వీసింగ్ చేయించుకొస్తానక్కా. నువ్వు రెస్టు తీసుకో, కళ్ళు చూడు ఎలా ఉబ్బాయో," అంటూ ఒక్కతే మెట్లు దిగింది.

వెళ్ళింది వారపత్రిక ఆఫీసుకి. వాళ్ళు చిన్నదానికి ఫోటోగ్రాఫర్ ఉద్యోగం ఇస్తామన్నారు. ఎడిటర్ ఒక ముక్కుసూటి మనిషి. "చేరేముందు చిన్న లాంఛనం. ఆ కిటికీలోంచి ఒక ఫోటో తీసి చూపించండి," అంది.

చిన్నది సంచీ తిప్పి జిప్పు మీద చెయ్యి వేసింది. తెరుచుకోలేదు. నవ్వి, మళ్ళీ లాగింది. కుర్చీలో కూర్చుని ఒళ్ళో పెట్టుకుని లాగింది, నేల మీద పెట్టి మోకాలు ఆనించి లాగింది. ఆఫీసులో టైపు చప్పుళ్ళు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అది సంచుల తాత సంచీ అని ఆ గదిలో అందరూ గుర్తుపట్టారు.

ఎడిటర్ సంచీ మూత మీద రాసున్న స్టూడియో నంబరు చూసి ఫోన్ తీసింది. "అమ్మా, ఇక్కడ మీ సంచీ ఒకటుంది. వచ్చి తెరుస్తారా?"

ఫోటోలక్క వచ్చింది. ఎవరి వైపూ చూడకుండా చెయ్యి వేసింది. సంచీ ఆవలించినట్టు తెరుచుకుంది. ఎడిటర్ బల్ల సొరుగులోంచి ఒక కవరు తీసి ఆమె చేతిలో పెట్టింది. అందులో నెగటివ్‌లన్నీ ఉన్నాయి, ఆఖరి పడవతో సహా. "వచ్చే సంచికలో పేరు సరిచేస్తాం," అంది.

అక్కాచెల్లెళ్ళు వరండాలోకి వచ్చారు.

"పదకొండేళ్ళు మోశానక్కా," చిన్నది గోడని చూస్తూ అంది. "ఒక్క ఫోటో కిందన్నా నా పేరు వేశావా?"

"అడగాల్సింది కదే."

"అడిగితే వేసేదానివే. పక్కన, చిన్నక్షరాలతో."

ఫోటోలక్క కవరుని సంచీలో పెట్టింది. "రీళ్ళు తీశావు, సరే. జిప్పు వెనక ఉంటే దొంగ చెయ్యి వెళ్ళదని చెప్పావు చూడు... అది ఎలా అనగలిగావే?"

చిన్నది చిటికెనవేలు పట్టుకుని నిలబడింది. అలాగే మెట్లు దిగి, ఇంటివైపు కాకుండా రెండోవైపు వెళ్ళిపోయింది.

చిత్రశాలకి నలభై ఫోటోలూ చేరాయి. హాలు నిండా జనం, గోడల నిండా నవ్వులు. తారు ముసలామె తన ఫోటో కిందే నిలబడి వచ్చినవాళ్ళందరికీ టాటా చెప్పింది. ఫోటోలక్క మాత్రం పొద్దుగూకేదాకా వచ్చేపోయేవాళ్ళలో తనకంటే జానెడు పొడుగున్న మనిషి కోసం గుమ్మం వైపే చూసింది.

ఆ తర్వాత సంచీ తనే మోసుకుంటోంది. పట్టీ ఇంకా చిన్నదాని ఎత్తుకే ఉంది. అడుగు వేసినప్పుడల్లా సంచీ వచ్చి మోకాలికి కొట్టుకుంటుంది. అయిదో నంబరు బస్సు కండక్టరు రోజూ చూసి చూసి, "పట్టీ తగ్గించుకోమ్మా, కాలు విరుగుతుంది," అన్నాడు.

"తగ్గిస్తాలే బాబూ," అంది ఫోటోలక్క.

ఆ మాట అని మూడేళ్ళయింది.