ఆకుపచ్చ అంబులెన్స్

ఆ బండి తమ లైన్లోకి మలుపు తిరిగిన చప్పుడు చెవిన పడగానే ఐలవ్వ చేతిలో చేట చేతిలోనే ఉండిపోయింది. పట్టపగలు. ఫస్ట్ షిఫ్టు ఇంకా విడవలేదు. బొగ్గుబాయి అంబులెన్స్ క్వార్టర్ల మధ్యకు ఊరికే రాదు. ఎవరికో దెబ్బ తగిలితే ఇంటి మనిషిని దవాఖానకు తీసుకుపోవడానికి వస్తుంది, లేదంటే ఇంకో పనికి వస్తుంది. ఆ ఇంకో పని పేరు గోదావరిఖనిలో ఏ ఆడమనిషీ నోటితో అనదు.

ఎదురు క్వార్టర్ పోశవ్వ సబ్బు చేతులతోనే బయటికొచ్చింది. పక్కింటామె పిల్లను చంకనేసుకొని గేటు పట్టుకుంది. బండి మెల్లగా వస్తోంది. నా గేటు దాటిపోనీ తల్లీ అనుకుంది ఐలవ్వ. తన గేటు కాకుంటే ఆగేది పోశవ్వ గేటు ముందేనని మరుక్షణం గుర్తొచ్చి, ఆ మొక్కు ఎట్లా వెనక్కి తీసుకోవాలో తెలియక నిలబడింది.

బండి ఐలవ్వ గేటు ముందే ఆగింది. ఆమె కొడుకు జైపాల్ పొద్దున్నే బాయి దిగాడు.

డ్రైవర్ వైపు తలుపు తెరుచుకుని, మెడకు తువ్వాల చుట్టుకున్న ఆమె మొగుడు సదయ్య దిగాడు. మొఖమంతా నవ్వు.

"ఎట్లున్నదే మన బండి?"

ఐలవ్వ అట్లాగే గడప మీద కూలబడింది. ఆమె తిట్టాల్సిన తిట్లన్నీ పోశవ్వే తిట్టింది. "నీ బండి పాడుగాను సదన్నా! పానం గొంతుల కొచ్చె గదా! కడుపుల పేగులు కడుపుల లేవు. నవ్వుతున్నవా ఇంకా?"

"అరే, ఇది ఇప్పుడు అంబులెన్స్ కాదు పోశవ్వా, మా ఇల్లు. దీంట్లనే వండుకుంటం, దీంట్లనే పంటం. అడవులు తిరుగుతం, పులులను సూత్తం."

"ముందుగాల మా ఐలక్కకు నీళ్లు తాపు. తర్వాత పులులను సూద్దువు."

సదయ్య రిటైరై నెల కూడా కాలేదు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడిచిన రోజుల్లో డ్యూటీ లేక ఇంట్లో కూర్చున్నప్పుడు పట్టింది ఆయనకు ఈ పిచ్చి. పొద్దంతా టీవీలో అడవులు చూసేవాడు. పులి నీళ్లు తాగుతుంటే తానే తాగుతున్నంత సంబరం. డిగ్రీ చదివే కూతురు సంధ్యారాణి తోడైంది. పటం ముందేసుకుని ఇద్దరూ దారి గీశారు. ముందు జన్నారం మీదుగా కవ్వాల అడవి, అటు నుంచి చంద్రాపూర్ దాటి తాడోబా, ఆ పైన పెంచ్, కాన్హా. హోటళ్లు, సత్రాలు వద్దు. బండి ఆపుకోనిచ్చిన చోట ఆపుకోవడం, పక్కన డేరా కట్టుకోవడం. వేలంలో ఈ పాత అంబులెన్స్‌కు ఆయన తప్ప ఇంకెవరూ పాట పాడలేదట. ఎందుకు పాడలేదో ఖనిలో అందరికీ తెలుసు, ఆయనకే పట్టలేదు. ఐలవ్వ అన్న ముత్యాన్ని, బాయిలో బొగ్గు పెళ్ల విరిగి మీద పడ్డనాడు, దవాఖాన నుంచి తెల్లగుడ్డ కప్పి ఇంటికి తెచ్చింది ఈ బండే.

"నేనెక్క," అంది ఐలవ్వ ఆ రాత్రి కంచంలో అన్నం పెడుతూ. "మా అన్న పన్న కాడ నేను పండుకోను."

"ఆ బల్ల తీసేపిస్త. కొత్తవి రెండు కొట్టిస్త. రంగేపిస్త, ఆకుపచ్చ రంగు."

"డేరాకు తలుపుంటదా?"

"డేరాకు తలుపేందే? గొలుసుంటది, జిప్పు."

"పులికి జిప్పు లెక్కనా?"

సంధ్యారాణి నవ్వి, నవ్వినందుకు తల్లి చూపు పడి తల దించుకుంది.

అప్పటి నుంచి ఐలవ్వకు నిద్ర కరువైంది. పులి ఒక్కటేనా? పాములు. దోమలు, దోమల జ్వరం. బండిలో గ్యాసు పొయ్యి అంటున్నారు, అది పేలితే? ముసలాయన స్టీరింగ్ మీద కునుకు తీస్తే? తెలియని రాష్ట్రంలో తెలియని భాషలో దవాఖాన ఏదని ఎట్లా అడగాలి? కూతురిని ఆపుదామంటే ఆగేలా లేదు. వాళ్లిద్దరినీ పంపి తానింట్లో ఉందామంటే, నువ్వు రాకుంటే నేనూ పోనని సదయ్య భీష్మించాడు. తాను పోదామంటే జైపాల్ ఉన్నాడు. వాడికి సెలవు దొరకదు. వాడు భూమి కింద, వీళ్లు అడవిలో. ఒక్క మనిషి రెండు దిక్కులా ఎట్లా కాపలా కాయాలి?

కాపలా అంటే ఆమెకు ఒకటే లెక్క. షిఫ్టు విడిచే సైరన్ కూయగానే బొగ్గుల పొయ్యి మీద నీళ్ల బిందె పెడుతుంది. నీళ్లు మరిగేలోపు మసి మొఖంతో మనిషి గేటు తీస్తాడు. ఇన్నేళ్లు మొగుడికి పెట్టింది, ఇప్పుడు కొడుక్కి పెడుతోంది. ఆ నీళ్ల వల్లే మనిషి పైకి వస్తున్నాడని ఆమె నమ్ముతుందో లేదో ఆమెకే తెలియదు. పెట్టకుండా చూసే ధైర్యం మాత్రం ఏనాడూ చేయలేదు.

ఇక దారి లేక ఒకనాడు గులాం అలీ షెడ్డుకు పోయింది. సదయ్యకు చిన్ననాటి దోస్తు, మెకానిక్కు. బండిని ఇల్లుగా మార్చే పని ఆయనకే అప్పగించారు.

"గులాం భాయ్, ఆ బండి జల్ది చెయ్యకు. నీకు దండం పెడత."

"ఏమైంది వదినె?"

"ఏం గాలే. ఏమన్న అయ్యేదాక సూడాల్నా?"

గులాం అలీ గడ్డం గోక్కున్నాడు. ఆయన పెళ్లాం అమీరున్నీసా కూడా ముత్యం చావుకు వచ్చి ఏడ్చిన మనిషే. "సరే, నాల్గు దినాలు ఆపుత," అన్నాడు.

నాలుగు దినాలు వారాలయ్యాయి. సదయ్య షెడ్డుకు పోయిన ప్రతిసారీ ఏదో ఒక సామాను హైదరాబాద్ నుంచి రావాల్సి ఉండేది. ఒకనాడు బ్రేకులు విప్పి ఉండేవి, ఇంకోనాడు చక్రాలే ఉండేవి కావు. చివరికి గులాం అలీయే ఐలవ్వ ఇంటికొచ్చి గేటు బయట నిలబడ్డాడు.

"వదినె, ఇగ నాతోని గాదు. ఇప్పదీయనీకి దాంట్ల ఏం మిగల్లే. పరేషాన్ల ఇంజన్ గూడ కొత్తదాని లెక్క చేసిన. ఇంకేం చెయ్యమంటవ్?"

మర్నాడు పొద్దున, జైపాల్ డ్యూటీకి, సంధ్యారాణి కాలేజీకి పోయాక, ఆకుపచ్చ రంగేసుకుని అంబులెన్స్ మళ్లీ గేటు ముందుకొచ్చింది. రంగు మారింది గానీ చప్పుడు మారలేదు. ఈసారీ పోశవ్వ బయటికొచ్చి చూసి, తిట్టుకుంటూ లోపలికి పోయింది.

సదయ్య ఇంట్లోకి వచ్చి ఐలవ్వ ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. "ఒక్క మాట. ఇయ్యాల గోదారి ఒడ్డుకు పోయి డేరా కట్టి, ఒక్క పూట ఉందాం. నీకు మనసు పట్టకుంటె రేపే బండి అమ్మేస్త. మల్ల అడవి ముచ్చటెత్తితె ఒట్టు."

ఐలవ్వకు గుండె తేలికైంది. ఒక్క పూట. మనసు పట్టలేదంటే చాలు, పులులన్నీ వాటి అడవుల్లో అవి ఉంటాయి. "సైరన్ కూసెటాళ్లకు ఇంట్ల ఉండాలె," అంది. సదయ్య సరేనన్నాడు.

కానీ తీరా బండి ఎక్కబోయేసరికి కాలు లేవలేదు. లోపల కొత్త బల్లలు, పూల పరదా, గోడకు కట్టిన పొయ్యి. అయినా ఆమెకు కనబడింది తెల్లగుడ్డే. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నువ్వు నడువు, నేను ఎనుకొస్త," అని కొంగు నెత్తిన వేసుకుని పోయి ఆటో పట్టుకుంది. అట్లా ఇల్లులాంటి బండి ఖాళీగా ముందు, ఇంటామె ఆటోలో వెనుక, కళ్లు తుడుచుకుంటూ గోదావరి ఒడ్డుకు చేరారు. తొందరలో సెల్ఫోన్ ఇంట్లో చార్జింగు దగ్గరే మరిచిపోయింది. సదయ్యకు సెల్ఫోనంటేనే గిట్టదు.

ఇసుక మీద సదయ్య డేరా కట్టాడు. పొయ్యి వెలిగించి చాయ్ పెట్టాడు. ఐలవ్వ చాయ్ తాగింది గానీ కూర్చోలేదు. డేరా చుట్టూ తిరిగింది. తాళ్లు లాగి చూసింది. గ్యాసు వాసన వస్తోందని రెండుసార్లు పొయ్యి ఆపించింది. కాలికి ముల్లు గుచ్చుకుంటే పామేనని అరిచింది.

"జెర కూసోవే. ఇసుకల పులి రాదు."

"గీ వయసుల గీ పిచ్చేంది నీకు? ఇంట్ల మంచం లేదా, పంకా లేదా?"

సదయ్య ఇసుకలో వెల్లకిలా పడుకున్నాడు. "బాయిల ఉన్నన్నేండ్లు నెత్తి మీది రాయినే సూసిన. పొద్దుకు పదిసార్లు కొట్టి సూసేది, సప్పుడెట్లొస్తున్నదో ఇనేది. ఇంట్ల పండుకున్నా కప్పునే సూస్త. ఒక్కపారి పండుకొని పైకి సూత్తె ఏం లేకుంట ఉండాలె. మీద పడెటందుకు ఏం ఉండొద్దు. గంతే."

ఈ మాట ఆయన ఇన్నేళ్లలో ఎప్పుడూ అనలేదు. "ఎండల పంటె తలనొస్తది," అంది ఐలవ్వ.

ఆయన అప్పటికే నిద్రలోకి జారుతున్నాడు. ఇంట్లో ఆయన నిద్ర ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. కుడిచెయ్యి మడిచి నెత్తి మీద అడ్డం పెట్టుకునే పడుకుంటాడు, పై నుంచి ఏదో పడుతుందన్నట్టు. పెళ్లయిన కొత్తలో అదేమిటని అడిగితే అలవాటన్నాడు. నిద్రలో తీసి పక్కన పెట్టినా కాసేపట్లో మళ్లీ నెత్తి మీదికే పోయేది. ఇప్పుడూ అట్లాగే పెట్టుకున్నాడు. ఐలవ్వ కాసేపు నీళ్ల దిక్కు చూసి మళ్లీ ఇటు తిరిగేసరికి ఆ చెయ్యి జారి ఇసుకలో పడి ఉంది. రెండు చేతులూ చెరో దిక్కు చాపుకుని, పసిపిల్లవాడిలా నోరు తెరిచి నిద్రపోతున్నాడు.

పొద్దు వాలుతోంది. లేపాలి. సైరన్ వేళవుతోంది. లేపుదామని రెండుసార్లు వంగింది. రెండుసార్లూ ఆ చెయ్యి చూసి వెనక్కి వచ్చింది. ఇక్కడికి సైరన్ వినబడదు. కూసిందో లేదో తెలియదు. ఒకసారి కూయాల్సింది, బాయిలో ప్రమాదమైనట్టు పదేపదే కూస్తోందో తెలియదు. పొయ్యి మీద నీళ్లు లేవు. ఆమె ఇసుకలో అటూ ఇటూ నడిచింది, రోడ్డు దాకా పోయింది, ఆటో ఏదైనా వస్తుందేమోనని చూసింది, మళ్లీ మొగుడి దగ్గరికి వచ్చింది. నీడ కాళ్ల కింద నుంచి సాగి డేరా దాటింది.

అప్పుడు రోడ్డు మీద నుంచి మోటార్‌సైకిల్ ఒకటి ఇసుకలోకి దిగి, చక్రం కూరుకుపోయి పక్కకు ఒరిగింది. దాన్ని అక్కడే వదిలేసి మసి మొఖం మనిషి పరుగెత్తుకొస్తున్నాడు. జైపాల్.

"అవ్వా!" వగరుస్తూ ఆమె రెండు భుజాలూ పట్టుకున్నాడు. "ఏమైంది నీకు? బాపుకేమైంది?"

"మాకేమైతది రా? నీకేమైంది?"

"ఇంటికి తాళం. లోపట నీ సెల్లు మోగుతనే ఉన్నది. తలుపు కొట్టి కొట్టి చేతులు నొచ్చె. పోశవ్వ గూడ ఇంట్ల లేకపాయె. నల్ల కాడ వెనుక లైను ముసలామె, మీ అవ్వ ఏడ్సుకుంట అంబులెన్స్ ఎనుక ఆటోల పోయిందన్నది. దవాఖానకు ఉరికిన. వార్డు వార్డు తిరిగిన గీ మొఖంతోని. ఆఖర్కి గులాం కాకకు ఫోన్ చేస్తె, బాపు పొద్దుగాల చెప్పిండట, గీడున్నరన్నడు." వాడిది కోపమో ఏడుపో తెలియలేదు. "చెప్పి పోవాలె గదనే! మనిషి ఎంత ఆగమైతడు?"

ఐలవ్వ కొడుకు మొఖంలోకి చూసింది. అది తన మొఖమే. రోజూ గేటు దగ్గర నిలబడే మొఖం. నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయింది.

"నవ్వుతున్నవా?"

"లేదు బిడ్డా." కొంగుతో వాడి బుగ్గ మీద మసి తుడిచింది. నీళ్లు పెట్టకపోయినా వచ్చాడు. "పో, గోదార్ల మునిగి రాపో. దూరం పోకు, లోతుంటది. మోకాళ్ల దాకనే."

గొడవకు సదయ్య లేచి కూర్చున్నాడు. వాలిన పొద్దు చూసి గాభరాపడ్డాడు. "అయ్యో, లేపకపోతివి! సైరన్ ఎప్పుడో కూసుంటది." తర్వాత తప్పు చేసినవాడిలా ఇసుక దులుపుకున్నాడు. "సరే తియ్. నీకు మనసు పట్టలే. రేపు గులాంకు చెప్త, అమ్మమని."

ఐలవ్వ డేరా తాళ్లు విప్పుతూ ఆయన దిక్కు చూడకుండానే అంది, "అమ్ముడెందుకు? డేరాల మాత్రం నేను పండ. బండ్లెనే పంట. లోపట్నుంచి గొళ్లెం పెట్టియ్యి, రెండు. నడిపేటప్పుడు నిద్రొస్తె చెప్పాలె. పొద్దుకోసారి జైపాల్‌కు ఫోన్ చెయ్యాలె. పిల్ల బండి దిగి పులి ఫోటో తీస్తనంటె అక్కణ్నించే ఎనుకకు తిప్పాలె."

సదయ్య చేతిలో చాయ్ గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

తడి జుట్టుతో జైపాల్ వచ్చి మోటార్‌సైకిల్ ఇసుకలో నుంచి లేపుకున్నాడు. "రా అవ్వా, ఎనుక కూసో, దింపుత."

"వద్దు. నువ్వు ముందట నడువు, మెల్లగ. నాకు కనబడాలె." ఆకుపచ్చ బండి ముందు తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది. లోపలి గోడకు చెయ్యి ఆనించి, అన్నా, అని గొణిగింది. తర్వాత కాలు ఎత్తి పెట్టి ఎక్కింది. దారంతా ముందు అద్దంలో నుంచి కొడుకు వీపు మీది నుంచి చూపు తియ్యలేదు. లారీ వచ్చినప్పుడల్లా సదయ్య తొడ మీద గట్టిగా పట్టుకుంది.

బండి లైన్లోకి మలుపు తిరిగింది. సెకండ్ షిఫ్టు బాయిలో ఉన్న వేళ. ఒక్కో తలుపే తెరుచుకుంటోంది. చేతి గరిటెతో ఒకామె, జడ సగం అల్లుకున్న ఇంకొకామె, అందరి కంటే ముందు పోశవ్వ. వాళ్ల మొఖాలు ముందు అద్దంలో నుంచి చూడటం ఐలవ్వకు అదే మొదటిసారి. కిటికీలో నుంచి నడుము దాకా బయటికి వంగి చెయ్యి ఊపింది.

"ఏం గాలే!" అని అరిచింది. "నేనే పోశవ్వా, నేనే! ఎవ్వరికేం గాలే! లోపటికి పోన్రి, ఏం గాలే!"